ముందు ఫోర్క్ మార్చమన్నాను

వ్యాయామ ఉపాధ్యాయులుగా చేరబోయే అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ కాలేజీలో చదవాలి, ఏ పరీక్ష రాయాలి, బదిలీలు ఎలా ఉంటాయి అని అడుగుతారు. వాటి సంగతి నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. అసలు ఈ ఉద్యోగంలో చేయాల్సింది ఏమిటని మాత్రం ఒక్కరూ అడగరు. అడగకపోయినా చెబుతున్నాను. కోపంగానే చెబుతాను. తగ్గించి రాయమని మా ఆయన అన్నారు, నా చేత కాలేదు.

కేజీఎఫ్‌లో, అంటే కోలారు బంగారు గనుల ఊళ్ళో, ఒక బాలికల హైస్కూల్లో నేను పి.టి. టీచర్‌ని. చేరిందీ అక్కడే, రిటైరైందీ అక్కడే. డ్రిల్లు చేయించింది కన్నడంలో, తిట్టింది తమిళంలో, ఇప్పుడు రాస్తున్నది ఇంట్లో మాట్లాడే తెలుగులో. మా నాన్న గనుల స్టోర్స్‌లో గుమాస్తా. గనులు మూతబడ్డాక మా వీధిలో సగం మంది తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళు. నేను మాత్రం ఈల మెడలో వేసుకుని ఊళ్ళోనే ఉండిపోయాను.

ఈల ఊదడం, వరసలు కట్టించడం పైకి కనిపించే పని. మా స్కూలు లాంటి చోట అసలు పని పాత వస్తువుల మీద ఆడే పిల్లలకు పూచీ పడటం. చిరిగిన మ్యాటు, పుల్ల లేచిన హర్డిలు, కాలు ఊగే హైజంప్ స్టాండు. ఏటా ఇదే ప్రశ్న: బాగు చేయించాలా, పారేసి కొత్తది తేవాలా? దానికి జవాబు చెప్పడమే మీ ఉద్యోగం. మిగతాదంతా హాజరుపట్టీ.

నన్ను చేర్చుకున్న మొదటి హెడ్‌మిస్ట్రెస్ లావుపాటి మనిషి, మోకాళ్ళ నొప్పులు. అయినా వ్యాయామానికి కొత్త బల్ల వచ్చినా, పాతదానికి మరమ్మతు జరిగినా, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని ముందు తనే ఎక్కి నిలబడేది. ఒకసారి బల్ల కుయ్యిమంది. "దీన్ని తీసి పొయ్యిలో పెట్టు వసంతా" అని దిగిపోయింది. ఆమె వెళ్ళిపోయాక వచ్చినవాళ్ళెవరూ ఏ బల్లా ఎక్కలేదు.

చూడకుండా చెప్పిన తీర్పు

మా స్కూలుకు రోడ్ సైకిల్ వచ్చిన కథ శ్రీకాంత్‌తో మొదలవుతుంది. మా వీధివాడే, బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వాళ్ళ మేనమామ యువకుడిగా పందేల్లో తొక్కిన రోడ్ సైకిల్ ఒకటి వాళ్ళింట్లో ఉండేది. సన్నటి చక్రాలు, కిందికి వంగిన హ్యాండిల్, ఉక్కు గొట్టాల ఫ్రేము. శ్రీకాంత్ సెలవు రోజుల్లో దానిమీద బేతమంగళం దాకా వెళ్ళొచ్చేవాడు. ఒక ఆదివారం దాన్ని తోసుకుంటూ మా గేటు దగ్గరికి వచ్చాడు.

"ఇది ఇంగ పనికిరాదంట మేడమ్. షోరూం వాడు చెప్పినాడు. నేను కొత్తది తీసుకున్నాను. మీ స్కూలు పిల్లోళ్ళు ఆడుకుంటారేమో అని తెచ్చినాను."

"చూసి చెప్పినాడా, చూడకుండా చెప్పినాడా?"

"చూసినాడు మేడమ్. సుట్టూ తిరిగి చూసినాడు."

"ఎన్ని బోల్టులు విప్పినాడు?"

శ్రీకాంత్ తల గోక్కున్నాడు. "ఒక్కటీ విప్పలేదు."

"విప్పకుండానే సచ్చిపోయిందని చెప్పేసినాడా?"

పనికిరానిదైతే మా స్కూలు పిల్లలకు ఎలా పనికొస్తుందని కూడా అడిగాను. అతను నొచ్చుకున్నాడు. చెడ్డవాడు కాదు. కానీ ఆ మాట వెనక ఉన్న ఆలోచన అతనిదొక్కడిదే కాదు. తమకు వద్దనుకున్నది బీద పిల్లలకు సరిపోతుందని అనుకునేవాళ్ళు శాలువాలు కప్పించుకోవడానికి మా స్కూలుకు వచ్చిపోతూనే ఉండేవాళ్ళు.

ఆ రోజు మధ్యాహ్నమంతా దాన్ని విప్పాను. పాత సైకిల్‌ను ఎలా చూడాలో ఇక్కడే చెబుతాను. ముందు ఫ్రేము చూడాలి. గొట్టాలు కలిసే ప్రతి అతుకునూ శుభ్రంగా తుడిచి, కిరోసిన్ పూసి, మళ్ళీ పొడిగా తుడిచి, సుద్దపొడి రాయాలి. పగులుంటే లోపల దాగిన కిరోసిన్ పైకి ఊరి నల్లటి గీతలా కనబడుతుంది. తర్వాత వెనక చక్రం బిగించే చోటు నుంచి ముందు గొట్టం చుట్టూ తిప్పి మళ్ళీ వెనక్కి ఒక దారం లాగి కట్టాలి. సీటు గొట్టానికి రెండు పక్కలా దారం ఒకే దూరంలో ఉంటే ఫ్రేము వంకరపోలేదు. సీటు కడ్డీ తుప్పుతో ఇరుక్కుపోయిందా, బ్రేకు రుద్దీ రుద్దీ చక్రం రిమ్ము లోపలికి గుంటపడిందా, అదీ చూడాలి. చైను, ఫ్రీవీలు, బ్రేకు రబ్బర్లు, వైర్లు, టైర్లు అరిగిపోయేవే, మార్చుకునేవే. అవి అరిగాయని సైకిల్ పారేయడం చెప్పు తెగిందని కాలు తీసేయడం లాంటిది.

ఆ ఫ్రేములో ఒక్క గీత లేదు. దారం రెండు పక్కలా సమంగా నిలిచింది. చైను, ఫ్రీవీలు, వైర్లు, రబ్బర్లు, టైర్లు మార్చాను. సైకిల్ లేచి నిలబడింది. ఆ షోరూం వాడిమీద నాకు ఇప్పటికీ కోపమే. వాడు సైకిల్‌ను చూడలేదు. ఎదురుగా ఉన్న మనిషి జీతాన్ని చూశాడు.

మమత

ఆ సైకిల్ ఎక్కిన పిల్ల పేరు మమత. కామసముద్రం పక్క పల్లె. రాగి చేను, నాలుగు ఆవులు, పట్టుపురుగుల షెడ్డు. ఊరినుంచి బస్సు సరిగ్గా లేక ఎనిమిదో తరగతి నుంచి వాళ్ళ నాన్న బరువైన సైకిల్ మీద వచ్చేది. బస్సుకంటే ముందు వచ్చేది. అది గమనించే నేను ఆమెకు ఈ సైకిల్ ఇచ్చాను.

మొదటిరోజు దానిమీద ఇంటికి వెళ్ళింది. మర్నాడు వాళ్ళ నాన్న వెంకటరవణప్ప కూతురితో పాటే వచ్చాడు.

"ఇదేం సైకిలు టీచరమ్మా? క్యారియరు లేదు, స్టాండు లేదు, బెల్లు కూడా లేదే. గడ్డిమోపు యాడ కట్టేది?"

"గడ్డికి కాదప్పా. పందేనికి."

"గెలిస్తే ఏమిస్తారు?"

"కప్పు ఇస్తారు."

"కప్పులో గడ్డి పడతాదా?" అని గట్టిగా నవ్వి, కూతురి నెత్తిన చెయ్యి పెట్టాడు. "దీనికి ఇష్టమైతే కానీ తీ. పడకుండా చూసుకో."

నన్నే చూసుకోమన్నాడు.

మమత తొక్కుతుంటే చూడాల్సిందే. గనుల మట్టి పోసిన సైనైడ్ దిబ్బల పక్క రోడ్డు మీద ఎదురుగాలి కొడితే పెద్దవాళ్ళు దిగి నడుస్తారు. ఆమె తల ఇంకాస్త వంచి, నడుము కదలకుండా, కాళ్ళు మాత్రం తిప్పుతూ వచ్చేది. నేను స్కూటర్ మీద పక్కనే వెళుతూ "గేరు తగ్గించు" అని అరిస్తే "ఇంగా ఉండాది మేడమ్ దమ్ము" అని తిరిగి అరిచేది. తాలూకా పోటీలో కొత్త సైకిళ్ళ మీద వచ్చిన పట్నం పిల్లలందరినీ వెనక్కి నెట్టి గెలిచింది. జిల్లా పోటీకి ఎంపికైంది. ఆ కప్పు తీసుకుని నేరుగా వాళ్ళ ఊరి పాలసొసైటీకి వెళ్ళి బల్లమీద పెట్టిందట, నాన్న పాలు పోసేటప్పుడు చూడాలని.

ఆ పాలసొసైటీ దగ్గరే తర్వాత దెబ్బ తగిలింది. పాలవ్యాను వెనక్కి వస్తూ, గోడకు ఆనించిన సైకిల్‌ను గుద్దింది. మమత దానిమీద లేదు. ముందు చక్రం నలిగింది, దాన్ని పట్టి ఉంచే ఫోర్కు వెనక్కి వంగింది. వ్యాను డ్రైవరు వెంకటరవణప్ప ఇంటికి వెళ్ళి తప్పు ఒప్పుకున్నాడు. చక్రం తనే కొనిచ్చాడు.

కమిటీ

నేను మళ్ళీ కిరోసిన్, సుద్దపొడి, దారం తీసుకుని కూర్చున్నాను. ఫ్రేముకు ఏమీ కాలేదు. ఫోర్కు మాత్రం పోయింది. రెండు కాళ్ళూ వంగాయి, పైన మెడ దగ్గర రంగు పెచ్చులుగా లేచింది.

కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్ళు ఇది బాగా వినండి. వెనక చక్రం దగ్గర ఏదైనా విరిగితే సైకిల్ ఆగుతుంది. ముందు ఫోర్కు విరిగితే మనిషి మొహం నేలకు కొట్టుకుంటుంది. బ్రేకు వేసినప్పుడు మనిషి బరువు, వేగం అన్నీ దానిమీదికే వస్తాయి. ఒకసారి మడతపడి మళ్ళీ తిన్నగా చేసిన ఇనుము పైకి ఎంత చక్కగా కనిపించినా లోపల అలసిపోయి ఉంటుంది. విరిగే ముందు చెప్పదు. సైకిల్ మొత్తం పారేయక్కర్లేదు, ఫోర్కు ఒక్కటి మారిస్తే చాలు. అలాంటి పాత కొలత ఫోర్కు బెంగళూరులో ఒక దుకాణంలో ఉందని శ్రీకాంత్ ఫోన్లో కనుక్కున్నాడు. తనే తెస్తానన్నాడు, వారం పడుతుందన్నాడు.

మా స్కూలు కమిటీ అధ్యక్షుడు ఒకప్పుడు కాంట్రాక్టులు చేసిన మనిషి. స్కూల్లో మేకు కొట్టాలన్నా ఆయన చెప్పాలి. జిల్లా పోటీకి ముందు ఒకసారి వచ్చి, గదిలో ఆనించిన సైకిల్‌ను చూశాడు.

"ఏమ్మా వసంతమ్మా, పోటీ దగ్గరికొచ్చె, సైకిల్ ఇంగా ఇట్లనే ఉండాదే?"

"కొత్త ఫోర్కు వస్తా ఉండాది సార్. వారం పడతాది."

"వారమెందుకు? రాబర్ట్‌సన్‌పేటలో మా వెల్డరు ఉన్నాడు. లారీ చాసీలే అతికిస్తాడు. సైకిల్ ఫోర్కు అతికించలేడా?"

"అతికిస్తాడు సార్. అతికిచ్చినాక విరుగుతాది."

"ఆ బిడ్డ బరువెంత? గాలొస్తే ఎగిరిపోతాది. ఊరికే ఇబ్బంది పెడతా ఉండావు నువ్వు. ఈ పొద్దు కొత్త ఫోర్కంటావు, రేపు కొత్త చక్రమంటావు, ఎల్లుండి కొత్త సైకిలంటావు."

"ఆ ఫోర్కు మీద బిడ్డను ఎక్కించను సార్" అన్నాను. అప్పటి హెడ్‌మిస్ట్రెస్ పక్కనే నిలబడి ఉంది. ఇద్దరూ విన్నారు. సైకిల్‌ను సామాన్ల గదిలో పెట్టి తాళం వేశాను. మమతతో కూడా చెప్పాను: కొత్తది వేసేదాకా ముట్టుకోవద్దని. "సరే మేడమ్" అంది.

ఆ వారంలోనే నన్ను మైసూరుకు టీచర్ల శిక్షణకు పంపారు. పోటీలోపు తిరిగి రాలేనన్నాను. వేరే టీచరు తీసుకెళుతుంది, ఏం పరవాలేదు అన్నారు. ఫోర్కు రాకపోతే మమత వెళ్ళకూడదని మళ్ళీ చెప్పి రైలెక్కాను.

సామాన్ల గదికి రెండో తాళంచెవి ఆఫీసులో ఉంది.

కోలారు ఆసుపత్రిలో

శిక్షణ జరుగుతుండగా తోటి టీచరు ఫోన్ చేసింది. మమత పడిపోయిందని, కోలారులో ఆసుపత్రిలో ఉందని. ఏ సైకిల్ మీద అని అడిగాను. "అదే" అంది. శ్రీకాంత్ తెస్తానన్న ఫోర్కు అప్పటికింకా రాలేదు.

దిగుడులో మలుపు ముందు అందరూ బ్రేకు వేసే చోట ఆమె కూడా వేసింది. ఫోర్కు మెడ దగ్గర పుటుక్కుమంది. ముందు పళ్ళు పోయాయి, దవడ చీలింది, కుడి మణికట్టు నుజ్జయింది. అప్పటికి ఆమె రెండో స్థానంలో ఉందట.

మైసూరు నుంచి బస్సులు మారి ఆసుపత్రికి చేరేసరికి మొహమంతా కట్లు. పిలిచాను. నన్ను చూసి మొహం గోడవైపు తిప్పుకుంది. నొప్పి అనుకున్నాను. తల్లి నాతో మాట్లాడలేదు. బాధ అనుకున్నాను.

వరండాలో హెడ్‌మిస్ట్రెస్ ఎవరితోనో అంటోంది: "బ్రేకు గట్టిగా పట్టేసిందంట. ఆడపిల్లకు అంత స్పీడు కావాల్నా? కంట్రోలు ఉండద్దా?"

నేను నోటికొచ్చినట్టు తిట్టాను. ఏమన్నానో రాయను, రాసినా అచ్చు వేయరు.

విరిగిన ఫోర్కును పోటీ జరిగిన చోటు నుంచి తెప్పించుకున్నాను. నల్లరంగు నిగనిగలాడుతోంది. గీకితే కింద వెల్డింగ్ గడ్డ. కమిటీ సమావేశంలో దాన్ని అధ్యక్షుడు, హెడ్‌మిస్ట్రెస్‌ల ఎదుట బల్లమీద పెట్టాను.

"ఇది విరుగుతాదని చెప్పినాను. మీ ఇద్దరికీ చెప్పినాను. మీ మనవరాలైతే దీనిమీద ఎక్కించేవాళ్ళా సార్?"

అధ్యక్షుడు తడుముకుంటాడని, తల దించుకుంటాడని అనుకున్నాను. ఆయన నావైపు వింతగా చూశాడు.

"మా మనవరాలికి ఇదెందుకమ్మా? దానికి పోయిన పండక్కే కొత్తది తీసిచ్చినాను గదా."

వెటకారం కాదు. నిజంగానే నా ప్రశ్న ఆయనకు అర్థం కాలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను విన్న మాటల్లో నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది అదే. దుర్మార్గుడితో పోట్లాడొచ్చు. తను చేసింది కనబడనివాడితో ఏం చేస్తాం?

వెంకటరవణప్ప ఒక్కసారే స్కూలుకు వచ్చాడు. ఆఫీసు గడప బయటే నిలబడ్డాడు.

"పాలవ్యాను డ్రైవరు మా ఇంటికొచ్చి తప్పైపాయప్పా అని చెప్పి పోయినాడు. మీ స్కూల్లోంచి ఒక్కరొచ్చినారా? నా బిడ్డకే కంట్రోలు లేదంటిరంట." ఎవరూ కూర్చోమనలేదు. నన్ను చూసి కూడా చూడనట్టు వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత కమిటీ గొప్ప నిర్ణయం చేసింది. సైకిల్ పోటీలు బంద్. స్కూల్లో ఉన్న సైకిళ్ళన్నీ పాత సామాన్లవాడికి. అందులో ఆ ఉక్కు ఫ్రేము కూడా. దానికి అప్పటికీ ఒక్క గీత లేదు, నేను చూసే చెబుతున్నాను. మార్చాల్సిన ఒక్క భాగాన్ని మార్చనివాళ్ళు, ఉంచాల్సినదాన్నంతా పారేశారు. రెండుసార్లూ చూడలేదు. సైకిళ్ళ స్థానంలో క్యారమ్ బోర్డులు వచ్చాయి. వాటితో పాటు ఫోటోగ్రాఫరు కూడా.

నేను మిగిలిన ఏళ్ళు అక్కడే పనిచేశాను. చెడిపోయిన వస్తువును గదిలో పెట్టి తాళం వేయడం మానేశాను. రంపం తెచ్చుకున్నాను. పనికిరాదని తేలిన ప్రతిదాన్నీ నా చేత్తో రెండు ముక్కలు కోసేదాన్ని. స్కూలు ఆస్తి పాడు చేస్తున్నానని సంజాయిషీ అడిగారు. ఇచ్చాను, మళ్ళీ కోశాను. మీరూ కోయండి. మీరు లేనప్పుడు మీ మాటకు విలువుండదు, కోసినదానికి ఉంటుంది.

మమత చెప్పింది

మమత పదో తరగతి ఎడమచేత్తో రాసి పాసయింది. తర్వాత డిప్లొమా చదివిందని, వేమగల్‌లో ఒక ఫ్యాక్టరీలో చేరిందని ఎవరో చెబితే విన్నాను. నన్ను చూడటానికి ఎప్పుడూ రాలేదు. సైకిల్ గుర్తొస్తుందని రాదేమో అనుకునేదాన్ని.

నేను రిటైరయ్యాక ఒకరోజు మా ఇంటిముందు స్కూటర్ ఆగింది. హెల్మెట్ తీస్తే మమత. కుడిచేయి మణికట్టు దగ్గర ఇప్పటికీ పూర్తిగా తిరగదు, లోటా ఎడమచేత్తోనే అందుకుంది. నీళ్ళు తాగి, కాసేపు ఊరి సంగతులు చెప్పి, అప్పుడు అడిగింది.

"మేడమ్, ఒక మాట అడుగుతాను. నిజం చెప్పల్ల మీరు. ఆ ఫోర్కు మీరే వేయించినారా?"

"ఏ ఫోర్కు?"

"పోటీకి ముందు నల్లరంగుది వేసినారు గదా. కొత్తదని చెప్పినారు. 'మీ వసంత మేడమే బెంగళూరు నుంచి తెప్పించి వేయించి పోయింది, తొక్కు' అన్నారు."

కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాను.

"ఎవరన్నారు?"

"హెడ్‌మిస్ట్రెస్ అన్నారు. కూడా వచ్చిన టీచరూ అదే అనింది. ముందురోజు తొక్కి చూస్తే సైకిల్ ఎడమపక్కకి లాగింది మేడమ్. చెప్పినాను. 'మీ మేడమ్ చూసి వేయించిందాన్ని నువ్వు తప్పంటావా' అన్నారు. మీరు వేయిస్తే బాగనే ఉంటాదనుకున్నా. పోటీ మొదలయ్యేటప్పుడు మళ్ళీ చెప్పినాను. పో పో అన్నారు."

"నేను వేయించలేదు మమతా. దాన్ని ముట్టుకోవద్దని చెప్పి పోయినాను."

ఆమె ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుంది.

"ఇన్నేండ్లూ మీమీద కోపంగా ఉండినాను. మా నాయన కూడా. టీచరమ్మ చూసుకుంటాదనుకుంటే ఇట్ల చేసిందే అనేవాడు."

నేను ఏడ్చాను. ఏడుపు కంటే కోపమే ఎక్కువ. ఆ పిల్లను ఎక్కించడానికి వాళ్ళకు వెల్డింగ్ చాలలేదు, రంగు చాలలేదు. నామీద ఆమెకున్న నమ్మకాన్ని కూడా వాడుకున్నారు. ఆసుపత్రిలో ఆమె మొహం తిప్పుకున్నది నొప్పితో కాదు. ఆ మాట చెప్పినవాళ్ళు నాతో ఏళ్ళ తరబడి ఒకే గదిలో టీ తాగారు.

నేను ఉద్యోగం గురించి రాస్తున్నానని చెప్పాను. ఆమె కథ రాయొచ్చా అని అడిగాను.

"రాయండి" అంది స్కూటర్ ఎక్కుతూ. "బ్రేకు గట్టిగా పట్టి పడిందని అందరూ అన్నారు గదా. నేను ముందే చెప్పినానని రాయండి మేడమ్."

రాస్తున్నాను. సైకిల్ ఎడమపక్కకు లాగుతోందని మమత పోటీకి ముందురోజు చెప్పింది. పోటీ మొదలయ్యేటప్పుడు మళ్ళీ చెప్పింది. వినాల్సినవాళ్ళు ఆమె ఎదురుగానే నిలబడి ఉన్నారు.